వంతెన కట్టిన వర్తకుడు: ఖోజా పెట్రస్ ఉస్కాన్

మన డయోసిస్ శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు, ఎవరైన ఒక బిషప్పుగారి జీవితమో, మిషనరీ దొరగారి జీవితమో వ్రాయుట మర్యాదయని మాకు మొదట తోచినది. కాని అట్టి మహనీయులను గూర్చి మాకంటె బాగుగా వ్రాయగలవారు మన సంఘములలో పలువురు గలరు. అందుచేత మేము ఒక వర్తకుని జీవితమును ఎన్నుకొన్నాము. ఆయన బోధకుడు కాడు. తెలుగువాడును కాడు. పారసీక దేశములో పుట్టి, స్పెయిను వారి మనీలా రేవుతో వర్తకము చేసి, మద్రాసులో కన్నుమూసిన ఆర్మేనియా క్రైస్తవుడు. ఆయన పేరు ఖోజా పెట్రస్ ఉస్కాన్. ఖోజా అనగా ఆ కాలమున పెద్ద వర్తకులకు ఇచ్చిన గౌరవ బిరుదు.

ఆయనతో ఆత్మకూరు వారికి ఏమి సంబంధమని చదువరులు అడుగవచ్చును. మన ప్రాంతములో నది దాటుట అంటే ఏమిటో పెద్దలకు తెలియును. జూరాల ఆనకట్ట మీద బాట రాక పూర్వము కృష్ణ అవతలి ఒడ్డుకు పోవలెనన్న పుట్టియే దిక్కు. నది పొంగినదా, పుట్టివాడు చేతులెత్తి మ్రొక్కి ఒడ్డుననే కూర్చుండెడివాడు. పెండ్లి వారు ఆగిపోవలసినదే, రోగి ఆగిపోవలసినదే. అట్టి ఒడ్డున నిలిచి ఎదురు చూచిన వారికి, తన సొంత ధనముతో పరాయి ఊరి నదిపై వంతెన కట్టించిన మనుష్యుని విలువ వేరే చెప్పనక్కరలేదు.

మరియొక సంబంధము మన వంటింటిలోనే గలదు. దానిని గూర్చి కొంచెము తరువాత చెప్పెదము.

పుట్టుక, జాతి

పెట్రస్ ఉస్కాన్ 1680 ప్రాంతమున ఇస్ఫహాన్ నగరము ప్రక్కనున్న కొత్త జుల్ఫాలో సంపన్న వర్తక కుటుంబమున జన్మించినారు. ఆ ఊరి పుట్టుకయే కన్నీటితో కూడినది. 1604-05 సంవత్సరములలో షా అబ్బాస్ అను పారసీక రాజు తురుష్కులతో యుద్ధము చేయుచు, అరాస్ నది ఒడ్డున ఉన్న పాత జుల్ఫా పట్టణమును ఖాళీ చేయించి, అచ్చటి ఆర్మేనియనులను తన రాజధాని దగ్గరకు తరలించెను. దారిలో ఎందరో చనిపోయిరి. మిగిలినవారు కొత్త జుల్ఫా కట్టుకొని, దేవాలయములు లేపుకొని, పట్టు వర్తకములో ఆరితేరిరి. స్వంత రాజ్యము లేదు, సైన్యము లేదు. ఉన్నదల్లా లెక్కల పుస్తకము, మాట నిలుపుకొను అలవాటు, ఊరూర ఒక బంధువు. వీటితోనే వారు ఒకవైపు వెనీసు, ఆంస్టర్‌డాము నగరముల వరకు, మరొకవైపు సూరతు, మచిలీపట్నము, మద్రాసు, మనీలా వరకు వ్యాపించినారు.

మన తెలంగాణమునకు సైతము వారు వచ్చినారు. హైదరాబాదు ఉప్పుగూడలో 17వ శతాబ్దమునాటి ఆర్మేనియనుల సమాధులు నేటికిని ఉన్నవి. గోలకొండ సుల్తానుల కాలమున వజ్రములకును వస్త్రములకును వచ్చి, ఇచ్చటనే మట్టిలో కలిసిన క్రైస్తవులు వారు. మన జిల్లాలలో నేడున్న సంఘములు నాటబడుటకు రెండు వందల ఏండ్లకు పూర్వమే ఈ నేలలో క్రైస్తవ సమాధులు ఉన్నవన్నమాట.

మనీలా వర్తకము

ఉస్కాన్ గారి ధనము ఎచ్చటనుండి వచ్చినదో తెలియవలెనన్న స్పెయిను వారి ఓడ వర్తకమును కొంత తెలిసికొనవలెను. 1565వ సంవత్సరమున ఉర్దనేతా అను అగస్తీనియను సన్యాసి, ఫిలిప్పీన్స్ దీవులనుండి పసిఫిక్ మహాసముద్రము మీదుగా మెక్సికోకు తిరిగి పోవు మార్గమును కనుగొన్నారు. ఉత్తరముగా పోయి పడమటి గాలిని పట్టుకొనుటయే ఆ కిటుకు. అప్పటినుండి 1815 వరకు, అనగా 250 సంవత్సరములు, మనీలాకును మెక్సికోలోని అకపుల్కో రేవుకును మధ్య గెలియనులనబడు పెద్ద ఓడలు నడిచినవి. సాధారణముగా ఏటికి ఒకటి, రెండు ఓడలు మాత్రమే. పోవునప్పుడు నాలుగు మొదలు ఆరు నెలలు పట్టెడిది. వచ్చునప్పుడు మూడు నెలలు. దారిలో తుఫానులకును, రోగమునకును, ఆకలికిని చనిపోయినవారు లెక్కకు మిక్కిలి.

ఆ ఓడలు మనీలానుండి చీనా పట్టు, పింగాణి, సుగంధ ద్రవ్యములు, హిందూ దేశపు నూలు వస్త్రములు తీసికొనిపోయి, తిరిగి వచ్చునప్పుడు వెండి తెచ్చెడివి. సుమారు 27 గ్రాముల బరువుగల స్పెయిను వెండి నాణెములు ఆనాడు ఆసియా ఖండమంతట చెల్లెడివి. స్పెయిను రాజు తన దేశపు వర్తకులకు నష్టము రాకుండ ఓడ సరుకుకు హద్దు పెట్టినాడు. 1593లో ఏటికి రెండున్నర లక్షల పెసోల విలువకు మించి సరుకు పోరాదనియు, 1734లో అయిదు లక్షలకు మించరాదనియు, తిరిగి తెచ్చు వెండి దానికి రెట్టింపు వరకు ఉండవచ్చుననియు శాసనము. ఈ హద్దును దాటి దొంగచాటుగా పోయిన సరుకు ఎంతో ఉన్నదని చరిత్రకారులందరు ఒప్పుకొందురు.

ఇందులో మద్రాసు పాత్ర ఏమనగా, మనీలా రేవులోనికి ఆంగ్లేయులకును, డచ్చివారికిని ప్రవేశము లేదు. ఆసియా వర్తకులకు మాత్రము అనుమతి ఉండెడిది. అందుచేత మద్రాసు కోటలోని ఆంగ్లేయ దొరలు తమ పెట్టుబడిని ఆర్మేనియనుల పేరిటను, హిందూ, మహమ్మదీయ వర్తకుల పేరిటను, వారి జెండా క్రిందను పంపెడివారు. ఓడ నడుపువాడు ఆంగ్లేయుడైనను కాగితములలో యజమాని ఆర్మేనియనుడు. ఇది అందరికి తెలిసిన రహస్యము. నైరుతి గాలికి మద్రాసు విడిచిన ఓడ మలక్కా జలసంధి దాటి మనీలా చేరి, వస్త్రములమ్మి, ఈశాన్య గాలికి వెండితో తిరిగి వచ్చెడిది. ఉస్కాన్ గారు ఈ వర్తకములో పండినవారు. మనీలాలో నివసించి, అచ్చటి భాష, మర్యాదలు ఎరిగి, 1720ల ఆరంభములో మద్రాసులో స్థిరపడినారు. ఆర్మేనియనులకు మద్రాసులో స్థానము అప్పటికే ఉన్నది. 1688లో ఈస్టిండియా కంపెనీ వారితో ఒప్పందము చేసికొని, తన పట్టణములలో నివసించుటకును, ఎక్కడ 40 మంది ఆర్మేనియనులు కూడుదురో అక్కడ దేవాలయము కట్టించుటకును మాట ఇచ్చినది.

మగ్గము, వెండి, మిరపకాయ

ఆ ఓడలలోని నూలు గుడ్డలు ఎవరు నేసినవి? కోరమాండలు తీరమందలి తెలుగు, తమిళ సాలెవారు నేసినవి. ఉత్తరమున శ్రీకాకుళము, పెద్దాపురము మొదలు మచిలీపట్నము వరకు, దక్షిణమున మద్రాసు వరకు మగ్గము చప్పుడు వినబడని పెద్ద ఊరు ఉండెడిది కాదు. 1734లో మద్రాసు గవర్నరు చింతాద్రిపేట అను క్రొత్త పేటను సాలెవారికొరకు, నూలు వడుకువారికొరకు, అద్దకము వారికొరకు ప్రత్యేకముగా కట్టించెను. తెలుగు కుటుంబములనేకము మద్రాసు పేటలలో స్థిరపడినవి.

మన అమరచింత, ఆత్మకూరు, గద్వాల, కొత్తకోట ప్రాంతములలో మగ్గము మీద బ్రతికిన కుటుంబములవారు ఈ వర్తకము జరిగిన తీరును సుళువుగా గ్రహించగలరు. వర్తకుడు బయానా ఇచ్చును. సాలెవాడు ఆ డబ్బుతో నూలు కొని, ఇల్లు గడుపుకొని, గుడ్డ నేసి ఇచ్చును. ధర వర్తకుడే నిర్ణయించును. కొలత తగ్గినదని, నేత పలుచనైనదని తగ్గించును. బాకీ తీరకముందే మరల బయానా. మనీలాలో వెండి గలగలలాడిన యేడు సాలెవానికి పని దొరకెడిది. ఓడ మునిగిన యేడు పని ఆగిపోయెడిది. 1743లో ఆన్సన్ అను ఆంగ్లేయ నావికాధిపతి కొవదోంగా అను గెలియన్ ఓడను పట్టుకొని 13 లక్షలకు పైగా వెండి నాణెములు కొల్లగొట్టినప్పుడు, ఇంగ్లండులో పండుగ చేసికొన్నారు. కాని మనీలా బజారులో చెల్లింపులు ఆగిన యెడల, దాని దెబ్బ వరుసగా మద్రాసు వర్తకునికిని, అతని వెనుక నేతగానికిని తగులక మానదు.

వచ్చిన వెండి మద్రాసు టంకశాలలో కరిగి రూపాయలైనది. ఆ రూపాయి నూలు కొన్నది, వరి కొన్నది, శిస్తు కట్టినది. అయితే ఆ వెండి త్రవ్వినవారెవరు? దక్షిణ అమెరికాలోని పొటోసి కొండలో, వంతుల వారీగా బలవంతముగా గనిలోనికి దింపబడిన అచ్చటి ఆదివాసులు. ఎందరో ఆ గనులలోనే నశించినారు. మనుష్యులు సైతము సరుకైనారు. మన దేశమునుండి ఎత్తుకొనిపోబడి, మనీలాలో అమ్మబడి, గెలియన్ ఓడలో మెక్సికో చేరిన ఒక బాలికను కతారినా దె సాన్ హువాన్ అను పేర ప్యూబ్లా నగరము నేటికిని స్మరించుచున్నది. ఆమె మొగలాయి రాజ్యమునకు చెందినదని చెప్పుదురు. 1688లో అచ్చటనే మరణించినది. మనీలాలోని దానధర్మ నిధులు సైతము, దేవాలయములకును విధవరాండ్రకును ఉద్దేశింపబడిన సొమ్ము, వడ్డీకి ఈ ఓడల వర్తకములోనే తిరిగెడిది. ధర్మపు సొమ్మును లాభపు సొమ్మును వేరు చేయుట కష్టమైన కాలమది. ఏ కాలమున సుళువైనది గనుక!

ఇక వంటింటి సంగతి. స్పెయిను, పోర్చుగలు వారి ఓడలు అమెరికాను తక్కిన లోకముతో కలిపిన పిదప అచ్చటి పంటలు ఆసియా అంతట వ్యాపించినవి. మిరపకాయ, పల్లికాయ, మక్కజొన్న, జామ, బొప్పాయి, టమాట, ఆలుగడ్డ, పొగాకు, సీతాఫలము, ఇవన్నియు ఆ ఖండపు సంతానమే. అంతకు పూర్వము మన పూర్వికులు కారమునకు మిరియము వాడినారు. మిరపకాయ అను పేరులో ఆ మిరియము నేటికిని వినబడుచున్నది. మన ఎర్రచెలకలలో పల్లి లేకున్న రైతు ఎట్లు బ్రతికెడివాడు? పాలమూరు బాలానగరు సీతాఫలమును దేశమంతట కొనియాడుదురు. సీత పేరు పెట్టుకొని మన అడవిబిడ్డ అయిపోయిన ఆ పండు కూడ సముద్రము దాటి వచ్చిన అతిథియే. ఫిలిప్పీన్స్ వారు దానిని ఆతిస్ అందురు. ఆ పేరు మెక్సికో ఆదివాసుల భాషనుండి గెలియన్ ఓడతో పాటు వచ్చినదే.

వంతెన, మెట్లు, గుడి

ఇట్టి వర్తకములో పెరిగిన సిరితో ఉస్కాన్ గారు ఏమి చేసినారు? మద్రాసుకు దక్షిణమున పరంగిమల, అనగా సెయింట్ థామస్ మౌంట్ గలదు. అపొస్తలుడైన తోమా అచ్చట హతసాక్షి అయినాడని పరంపరాగత విశ్వాసము. అచ్చటికి పోవు యాత్రికులు సైదాపేట వద్ద అడయారు నదిని దాటవలెను. వానకాలమున అది ప్రమాదకరము. 1726లో ఉస్కాన్ గారు ఆ నదిపై రాతి కమానుల వంతెన కట్టించినారు. మాంబలము ఊరి పేరు మారి మార్మలాంగ్ వంతెనగా అది ప్రసిద్ధికెక్కినది. దానికై 30,000 వరహాలు వెచ్చించినారని చెప్పుదురు. వరహా ఒక్కొక్కటి మూడు గ్రాములకు మించిన బంగారు నాణెము. కొండపైకి ఎక్కుటకు నూటికి మించిన రాతి మెట్లు వేయించినారు. వేపేరిలో అద్భుతముల మాత పేరిట ఒక చిన్న దేవాలయము కట్టించినారు.

మాకు అన్నిటికంటె గొప్పగా తోచినది వేరొకటి. వంతెన బాగోగులకై 1,500 వరహాలు ప్రత్యేకముగా నిధి ఉంచినారు. కట్టుట పలువురు చేయుదురు. ప్రారంభోత్సవమునాడు పూలదండ, శిలాఫలకము, ఫోటో ఉండును. పదేండ్లకు రాయి ఊడిన, పగులు పట్టిన, ఎవరు బాగుచేయుదురని ముందుగా ఆలోచించువాడు అరుదు. వర్తకుడు గనుక ఆయనకు తెలిసినది: దేనికైనను అరుగుదల ఉండును, దానిని లెక్కలో వ్రాసుకొనవలెను.

ఆ వంతెన మీద నడిచినవారిలో యాత్రికులే కాదు, కూరగాయల గంపవారు, ఎడ్లబండ్లవారు, సిపాయీలు, అన్ని మతములవారు గలరు. సుంకము లేదు, కులమడుగుట లేదు.

శ్రమ దినములు

1746 సెప్టెంబరులో ఫ్రెంచివారు మద్రాసును పట్టుకొన్నారు. ఉస్కాన్ గారి ఇండ్లు, సరుకు వారి వశమైనవి. పుదుచ్చేరికి వచ్చి మా నీడన వర్తకము చేసికొనినయెడల నీ ఆస్తి నీకే ఉండునని ఫ్రెంచివారు ఆశ చూపినారనియు, ఆంగ్లేయుల రక్షణలో సంపాదించిన దానిని కాపాడుకొనుటకు వారిని విడువనని ఆయన నిరాకరించినారనియు చెప్పుదురు. అప్పటికి ఆయన వయస్సు 65 దాటినది. డేనిషు వారి తరంగంబాడికి వెడలిపోయి, పోయిన ఆస్తిని పోనిచ్చినారు.

1749లో సంధి చొప్పున మద్రాసు ఆంగ్లేయులకు తిరిగి వచ్చినది. నమ్మకమునకు ప్రతిఫలము దొరకునని ఎవరైనను అనుకొందురు. జరిగినది వేరు. కతోలికులు ఫ్రెంచివారికి సహాయము చేసినారను అనుమానముతో, కోటలోని కతోలిక దేవాలయమును కూల్చివేయుటకును, కతోలికులను, ఆర్మేనియనులను తెల్లవారి పట్టణమునుండి పంపివేయుటకును ఉత్తరువులైనవి. ఉస్కాన్ గారు కతోలిక విశ్వాసముగల ఆర్మేనియనుడు. రెండు నేరములును ఆయనకు చెందినవే. ఆయన ఒక్కరికి మాత్రము మినహాయింపు లభించినది. తన వారందరు ఇల్లు విడిచిపోవుచుండగా తనకు మాత్రమే చోటు దొరకిన ముసలివాని మనస్సు ఎట్లుండెనో మన ఊహకు విడిచెదము. పాత జుల్ఫానుండి వెళ్లగొట్టబడిన తాతల కథ ఆయనకు గుర్తుకు రాకుండునా?

1751 జనవరి 15న ఆయన మరణించినారు. తాను కట్టించిన వేపేరి దేవాలయములోనే సమాధి చేయబడినారు. ఆయన గుండెను ఒక పెట్టెలో భద్రపరచి, జన్మస్థలమైన జుల్ఫాకు పంపినారని ఆర్మేనియనుల చరిత్ర చెప్పుచున్నది. దేహము మద్రాసుకు, హృదయము జుల్ఫాకు. వలస పోయిన మనుష్యుని కథ అంతయు ఇందులోనే ఉన్నది. మన పాలమూరు జిల్లానుండి బొంబాయికిని, గల్ఫు దేశములకును కూలికి పోయిన కుటుంబములవారికి ఇది మరింత బాగుగా తెలియును.

గుడి చేతులు మారినది

ఆయన మరణించిన మరుసటి సంవత్సరమే, 1752లో, కంపెనీవారు ఆ వేపేరి దేవాలయమును లూథరను మిషనరీయైన ఫబ్రీషియస్ గారికి అప్పగించినారు. కతోలిక మాత పేరిట కట్టిన గుడి ప్రొటెస్టెంటు ప్రార్థనాలయమైనది. మనము ప్రొటెస్టెంటులమైనను, ఇది కట్టినవాని సమ్మతితో జరిగిన పని కాదని ఒప్పుకొనుట న్యాయము. దేవుని పని పేరిట సైతము ఒకరి చేతిలోనిది మరొకరికి ఇచ్చుట రాజ్యములకు సుళువు. నేడచ్చట సెయింట్ మత్తయస్ దేవాలయము దక్షిణ ఇండియా సంఘమునకు చెందియున్నది. ఉస్కాన్ గారి సమాధి అచ్చటనే ఉన్నది.

అయితే ఈ మార్పులో తెలుగు క్రైస్తవులకు సంబంధించిన ఒక విశేషము గలదు. ఫబ్రీషియస్ గారికంటె ముందు ఆ మద్రాసు మిషనును స్థాపించినవారు బెంజమిన్ షుల్జ్ గారు. వంతెన కట్టిన 1726లోనే ఆయన తరంగంబాడి విడిచి మద్రాసు చేరినారు. అచ్చట వీధులలో వినబడు తెలుగును నేర్చి, 1728లో తెలుగు వ్యాకరణము వ్రాసి, పరిశుద్ధ గ్రంథమును తెలుగులోనికి అనువదించినారు. ఆ అనువాదము అచ్చు కాలేదు. కాని జర్మనీలోని హాలే నగరమున 1746-47లో ఆయన అచ్చు వేయించిన చిన్న పుస్తకములే తెలుగులో తొలి అచ్చు పుస్తకములని పండితులు చెప్పుదురు. మద్రాసులో తెలుగు అంతగా వినబడుటకు కారణమేమి? బట్టల వర్తకము తెచ్చిన సాలెవారు, కోమట్లు, కూలీలు. ఆ విధముగా అదే వర్తకము మన భాషను మిషనరీ చెవిలో వేసినది.

తరువాతి సంగతులు

ఉస్కాన్ గారు పోయిన పదకొండేండ్లకు, 1762లో, మద్రాసునుండి బయలుదేరిన ఆంగ్లేయ దండు మనీలానే పట్టుకొన్నది. వర్తకులు ఇన్నాళ్లు రహస్యముగా నడిచిన త్రోవలో ఇప్పుడు ఫిరంగులు నడిచినవి. 1764లో వారు మనీలా విడిచినారు. కాని వెంట పోయిన సిపాయీలలో కొందరు తిరిగి రాక, మనీలా దగ్గర కైంతా గ్రామములో కాపురములు పెట్టినారు. వారి సంతతి నేటికిని అచ్చట ఉన్నదని చెప్పుదురు. 1815లో చివరి గెలియన్ ఓడ నడిచినది. యంత్రపు బట్ట వచ్చి చేనేత పడిపోయినది. స్పెయిను సామ్రాజ్యము అంతరించినది. మార్మలాంగ్ వంతెన 1960ల వరకు నిలిచి, దాని స్థానమున మరైమలై అడిగళ్ పేరిట క్రొత్త వంతెన వచ్చినది. పాత వంతెన శిలాఫలకము మాత్రము ప్రక్కన మిగిలినది. పరంగిమల మెట్లు నేటికిని యాత్రికులను మోయుచున్నవి.

ప్రియ సంఘస్థులారా, మేము ఈ వర్తకుని పరిశుద్ధుడని చెప్పుట లేదు. ఆయన వెండిలో పొటోసి గనివాని చెమట ఉన్నది, తెలుగు సాలెవాని తరుగు ఉన్నది. ఆయన ఎరిగియో ఎరుగకయో ఆ లాభము తిన్నారు. కాని చేతికి వచ్చిన దానిలో పెద్ద భాగమును, తనకు ముఖపరిచయము లేని జనులు కాళ్లు తడవకుండ నది దాటుటకు ఖర్చు చేసినారు. శ్రమ వచ్చినప్పుడు ఆస్తికంటె మాటను పెద్దగా ఎంచినారు.

నూరేండ్ల పండుగలో మన సంఘములు క్రొత్త గోపురములు, క్రొత్త హాళ్లు, క్రొత్త ఆర్చీలు కట్టుచున్నవి. సంతోషమే. కాని మన తాతలు కాలినడకన వచ్చి కట్టిన పాత పాఠశాల గోడ పగులుచున్నది, బావి గిలక విరిగియున్నది, సమాధుల తోట ముళ్లచెట్లతో నిండియున్నది. ఈ సంచిక చదివిన పిదప ప్రతి సంఘమువారు ఒక్కసారి తమ కానుకల లెక్క తీసి, కట్టుటకు ఎంత, కాపాడుటకు ఎంత వ్రాసినారో చూచుకొనవలెనని మా మనవి. మా ఆత్మకూరు సంఘములో ఆ పద్దు ఇంతవరకు లేదు. ఈ యేటి పంటపండుగ కానుకలనుండి మొదలుపెట్టుటకు నిశ్చయించుకొన్నాము.